తుంటి పక్క నొప్పి: రెండో ఇంజెక్షన్ వేయించుకోనా, మాత్రలతో నెట్టుకురానా?

గోదారి_కర్రీస్ (ప్రశ్న):

నమస్తే అండి. మాది రాజమండ్రి, కర్రీ పాయింట్ నడుపుతాను. వయసు 51. షుగరుకి మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతున్నాను. ఇక్కడ ఎవరేం అడిగినా ముందు షుగరూ బీపీ సంగతే అడుగుతారు కాబట్టి మొదటే రాసేశాను.

నొప్పి ఎడమ తుంటికి బయటి పక్కన. చీర దోపుకునే చోటికి జానెడు కింద, పక్కగా వేలికి ఒక ఎముక తగులుతుంది చూడండి, సరిగ్గా దాని మీద. నొక్కితే ప్రాణం పోతుంది. అక్కణ్ణించి తొడ పక్కగా మోకాలి దాకా లాగుతుంది గానీ పాదంలోకి దిగదు, తిమ్మిరి లేదు. ఎడమ పక్కకి తిరిగి పడుకోలేను. కుడి పక్కకి తిరిగినా కాసేపటికి పైకాలు ముందుకి వాలిపోయి మళ్లీ అదే. కుర్చీలోంచి లేచిన మొదటి నాలుగడుగులు కుంటుతాను, తర్వాత సర్దుకుంటుంది. మెట్లు మాత్రం నరకం. ఏడాది పైనే అయింది ఇలా.

మొదట చూసిన డాక్టరు గారు నడుముకి ఎమ్మారై తీయించి ఎల్4-ఎల్5 దగ్గర డిస్కు ఉబ్బిందన్నారు. ప్రీగాబాలిన్, మిథైల్‌కోబాలమిన్ కలిసిన క్యాప్సూల్ రాత్రిపూట ఇచ్చారు. నొప్పి అలాగే ఉంది, మత్తు మాత్రం దిగేది కాదు. పొద్దున్నే గరిటె పట్టుకుని నిలబడే కునికిపాట్లు పడేదాన్ని. ఆయన్నే అడిగి మెల్లగా మానేశాను.

తర్వాత ఎముకల డాక్టరు గారి దగ్గరికి వెళ్తే ఆ ఎముక మీద నొక్కి చూసి, ఒంటికాలి మీద నిలబెట్టి, అల్ట్రాసౌండ్ చేయించారు. "నడుము కాదమ్మా, ఇది ట్రోకాంటర్, అంటే తుంటి పక్కన తగిలే ఆ ఎముక, దగ్గరి నొప్పి. తుంటి కండరాన్ని ఆ ఎముకకి కట్టే పట్టీ, గ్లూటియస్ మీడియస్ టెండన్, మందమెక్కింది, పక్కనున్న బర్సా అనే చిన్న తిత్తిలో కొద్దిగా నీరుంది" అన్నారు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఆయ్, దేవుడు కనిపించాడండి! రెండు మూడు రోజుల్లో నొప్పి ఏమైపోయిందో తెలీదు. షుగరే, ఫాస్టింగ్ 130 ఉండేది కాస్తా 240 దాటి, దిగడానికి వారం పైన పట్టింది. సంక్రాంతికి వేయించుకుంటే ఉగాది నాటికి కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఇప్పుడు రెండో ఇంజెక్షన్ వేద్దామంటున్నారు. మా మరిదేమో పీఆర్పీ అని మన రక్తమే తీసి మనకే ఎక్కిస్తారు, 12 వేలు, అది చేయించు వదినా అంటాడు. ఈలోగా మందుల షాపులో ఇచ్చే ఎసెక్లోఫెనాక్-పారాసెటమాల్-సెర్రాషియోపెప్టిడేజ్ మాత్ర రోజుకి రెండు, పైన గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుంటేనే కొట్టు తెరవగలుగుతున్నాను. 11 నుంచి రెండున్నర దాకా నిలబడే ఉండాలి, సాయంత్రం మళ్లీ. నేను కూర్చుంటే కొట్టు కూర్చుంటుంది.

రోజూ ఆ మాత్ర వేసుకోవచ్చా? రెండో ఇంజెక్షన్ వేయించుకుంటే ఈసారైనా నిలబడుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. "విశ్రాంతి తీసుకోండి" అని మాత్రం దయచేసి రాయొద్దు.

కదలిక_ఫిజియో:

విశ్రాంతి తీసుకోమని నేను అస్సలు చెప్పను మేడమ్, దాంతో ఈ టెండన్ ఇంకా బలహీనపడుతుంది.

విజయవాడలో ఫిజియోథెరపిస్టుని. మీ రెండో డాక్టరు గారు చేసింది సరైన పరీక్ష. ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడితే ఆ ఎముక దగ్గర నొప్పి పుట్టడం, అక్కడే నొక్కితే నొప్పి ఉండడం, ఈ రెండూ కలిస్తే చాలావరకు ఇదే. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో బాగా ఎక్కువ. యాభై దాటినవాళ్లలో చాలామందికి ఎమ్మారై తీస్తే నడుములో ఏదో ఒక డిస్కు ఉబ్బి కనిపిస్తుంది, నొప్పి లేనివాళ్లకి కూడా. అందుకే ఈ నొప్పి నడుము ఖాతాలోకి పోతూ ఉంటుంది.

పాత పుస్తకాల్లో దీన్ని బర్సైటిస్ అనేవారు, బర్సా వాచిందని. 877 మందికి అల్ట్రాసౌండ్ తీసిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. అందులో బర్సా వాపు కనిపించింది 20 శాతం మందికే. సగం మందిలో కనిపించింది టెండన్ దెబ్బతినడం. అంటే అసలు రోగి టెండన్, బర్సా పక్కింటి బాధితురాలు. స్టెరాయిడ్ నొప్పిని అణిచేస్తుంది, అరిగిన టెండన్‌ని మాత్రం బాగుచేయదు. ఉగాదికి మళ్లీ రావడానికి కారణం ఇదే.

జర్మనీలో రోంపె అనే డాక్టరు బృందం 229 మంది మీద చేసిన పోలిక 2009లో వచ్చింది. నెల తిరిగేసరికి ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లలో 75 శాతం మందికి బావుంది, ఇంట్లో వ్యాయామం చేసినవాళ్లలో 7 శాతానికే. ఇక్కడే అందరూ వ్యాయామం వదిలేస్తారు. 15 నెలలకి చూస్తే ఇంజెక్షన్ వాళ్లు 48 శాతం దగ్గరుంటే, వ్యాయామం చేసినవాళ్లు 80 శాతం. షాక్‌వేవ్, అంటే నొప్పి ఉన్నచోట యంత్రంతో తరంగాలు కొట్టించే చికిత్స, చేయించుకున్నవాళ్లు 74 శాతం.

ఇప్పుడొక ప్రశ్న. కౌంటరు దగ్గర మీరెలా నిలబడతారు? నాకు తెలిసినంతలో ఎడమ కాలి మీద బరువేసి, నడుము ఆ పక్కకి వంచి, కుడికాలు వదులుగా పెట్టి. అలా తుంటి పక్కకి జారినప్పుడల్లా టెండన్ ఆ ఎముక మీద నొక్కుకుపోతుంది, చేదతాడు గిలక అంచుకి ఒరుసుకున్నట్టు. కాలు మీద కాలు వేసుకోవడం, బాసింపట్టు వేసి కింద కూర్చోవడం, పక్కకి పడుకున్నప్పుడు పైకాలు ముందుకి వాలడం, అన్నిటిలోనూ జరిగేది అదే. రాత్రి మోకాళ్ల మధ్య మందపాటి దిండు, మోకాలి నుంచి చీలమండ దాకా ఆనేలా పెట్టుకోండి. యూట్యూబ్‌లో చూసి కాలు అడ్డంగా లాగి తొడ పక్క సాగదీసే వ్యాయామాలు చేస్తుంటే ఈ రోజే ఆపేయండి. బావున్నట్టే ఉంటుంది, కానీ టెండన్‌ని ఆ ఎముక మీదే ఇంకా నొక్కుతుంది.

మందుల గురించి నాకంటే తెలిసినవాళ్లు చెప్పాలి.

అనకాపల్లి_ఫార్మసిస్ట్:

అమ్మా, నేను డాక్టర్ని కాను. సర్కారు ఆసుపత్రుల్లో మందులిచ్చి రిటైరయిన ఫార్మసిస్టుని. మీకు ఏం వాడాలన్నది మీ డాక్టరు గారి మాట. మీరు మింగుతున్నదాంట్లో ఏముందో చెప్పడం నా పని, అది నలభై ఏళ్లుగా చేస్తున్నదే.

ఆ మాత్రలో మామూలుగా ఎసెక్లోఫెనాక్ 100, పారాసెటమాల్ 325, సెర్రాషియోపెప్టిడేజ్ 15 మిల్లీగ్రాములు ఉంటాయి. ముందు మూడోదాని సంగతి తేల్చేద్దాం. పట్టుపురుగు పేగుల్లో దొరికిన బాక్టీరియా నుంచి తీసిన ఎంజైమ్ అది, వాపు తీస్తుందని పేరు. జపాన్‌లో దాన్ని అమ్మిన కంపెనీయే మళ్లీ పరీక్ష పెట్టి చూస్తే, మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగని తేలలేదు. 2011లో మార్కెట్లోంచి వెనక్కి తీసుకుంది. మన దగ్గర పళ్లు పీకినా, కాలు బెణికినా ఇంకా రాస్తూనే ఉన్నారు. డబ్బు దండగ, అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

భయపడాల్సింది మొదటిదానికి. ఎసెక్లోఫెనాక్ అసలు నొప్పి మందు, డైక్లోఫెనాక్‌కి తమ్ముడు. నాలుగు రోజులు, వారం రోజులు, కిడ్నీలూ కడుపూ బావున్నవాళ్లకి మంచి మందే. మీరు మాత్రం దాన్ని ఏ మాత్రల పక్కన వేసుకుంటున్నారో చూడండి. కిడ్నీలో వడపోత జరగాలంటే లోపలికొచ్చే రక్తనాళం తెరుచుకుని ఉండాలి, నొప్పి మాత్ర దాన్ని బిగిస్తుంది. బయటికి పోయే నాళం కాస్త బిగువుగా ఉండి ఒత్తిడి నిలపాలి, టెల్మిసార్టన్ దాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీరు తగ్గిస్తుంది. బీపీ మాత్రలో ఆ రెండు మందులూ మంచివే, మీరు మానకూడదు. నొప్పి మాత్ర మూడోదిగా వచ్చి చేరినప్పుడే ప్రమాదం. అందులోనూ మే నెల రాజమండ్రి ఎండలో, పొయ్యి ముందు చెమటలు కారుస్తూ, బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని మంచినీళ్లు తాగకుండా పనిచేసే మనిషికి. కొట్టు నడిపే ఆడవాళ్లంతా చేసేది ఇదే, మీరు చేయట్లేదంటే సంతోషం.

గ్యాస్ మాత్ర వేసుకుంటున్నాను కదా అనుకోకండి. అది కాపాడేది కడుపుని. కిడ్నీకీ దానికీ సంబంధం లేదు. నొప్పి మాత్ర బీపీని కూడా పైకి లాగుతుంది. బీపీ పెరిగిందని డోసు పెంచుతారు, ఎందుకు పెరిగిందో ఎవరూ అడగరు. నేను కిటికీలోంచి చూసిన చీటీల్లో ఇది ఎన్నిసార్లో.

కాస్త పక్కకి వెళ్తాను, ఏమనుకోకండి. మన దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి కారణం పశువులకి వాడిన డైక్లోఫెనాక్. ఆ కళేబరాలు తిన్న పక్షులకి కిడ్నీలు పోయాయి. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు. పశువు ఒంట్లో ఎసెక్లోఫెనాక్ కూడా డైక్లోఫెనాక్‌గానే మారుతుందని తేలాక 2023లో దాన్నీ ఆపేశారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, కాబట్టి ఇది చదివి రాత్రంతా మేలుకోకండి. ఆ మందుకి కిడ్నీ మీద చూపుందని తెలిస్తే చాలు.

మరి ఏం వేసుకోవాలి? ఒట్టి పారాసెటమాల్ 650 మీ షుగరుకీ బీపీకీ అన్నిటికన్నా తక్కువ హాని. ఎన్ని వేసుకోవాలో డాక్టరు గారిని అడగండి. ఆ మూడు కలిసిన మాత్రలోనూ పారాసెటమాల్ ఉందని మర్చిపోయి రెండూ కలిపి వేసుకోకూడదు. జ్వరం మాత్ర, జలుబు మాత్ర అన్నీ లెక్కలోకి వస్తాయి. నొప్పి పూర్తిగా పోతుందా అంటే పోదు, అంచు మొద్దుబారుతుంది. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది మాత్ర మింగినప్పటితో పోలిస్తే నూటికి ఆరు వంతులే, అందుకని కిడ్నీకి తేలిక. మోకాలికీ చేతివేళ్లకీ బాగా పనిచేస్తుంది. తుంటి దగ్గర కొవ్వు మందంగా ఉన్నవాళ్లకి లోపలిదాకా చేరడం కష్టం. వేసి చూడొచ్చు, రాసిన వెంటనే దాని మీద వేడినీళ్ల సంచి పెట్టొద్దు. ఎటోరికాక్సిబ్ అనే ఇంకో నొప్పి మాత్ర కడుపుకి మంచిదని ఎవరైనా ఇస్తే, బీపీ 140/90 పైన ఉన్నంతకాలం అది తగదని గుర్తుపెట్టుకోండి. కిడ్నీ సంగతిలో అది కూడా ఆ తానులో ముక్కే.

ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు కలిసిన మాత్రలు కూడా ఇస్తుంటారు. 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది. కళ్లు తిరుగుతాయి, మలబద్ధకం. నూనె బాండీ ముందు నిలబడే మనిషికి కళ్లు తిరగడం చిన్న సంగతి కాదు. ప్రీగాబాలిన్ నరాల నొప్పికి మందు. మీది నరం నొప్పి కాదని తేలింది కాబట్టి అది పనిచేయకపోవడంలో వింతేం లేదు. డాక్టర్ని అడిగి మెల్లగా మానడం మంచి పని. చాలామంది ఒక్కసారిగా ఆపి నిద్రపట్టక అల్లాడతారు.

రెండో ఇంజెక్షన్ పాపమేం కాదు. ఏడాదికి మూడు నాలుగు దాటనివ్వరు, వాటి మధ్య నెలల ఎడం పెడతారు. ఎందుకంటే పదేపదే ఇస్తే టెండన్ మెత్తబడుతుంది, పైన చర్మం తెల్లబడి గుంట పడొచ్చు. షుగరు వారం పదిరోజులు పెరగడం మీరు చూసేశారు. వేయించుకునేటట్టయితే ముందే షుగరు డాక్టరుతో మాట్లాడి ఆ వారం మాత్రలు ఎలా సర్దాలో రాయించుకోండి, ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచుకోండి. నేనైతే ఒకటే అడుగుతాను: ఆ ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గి ఉండే రెండు నెలల్లో ఏం చేద్దామనుకుంటున్నారు? పైన ఫిజియో బాబు చెప్పినవి మొదలుపెట్టడానికైతే దానికో అర్థముంది. నొప్పి లేదు కదా అని కొట్టుకి ఇంకో గంట పెంచడానికైతే వద్దు.

ఇంకొకటి, ఎవరూ అడగనిది. షుగరున్న ఆడవాళ్లకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తరచూ వస్తుంది, షాపుకెళ్తే సిప్రోఫ్లాక్సాసినో, లెవోఫ్లాక్సాసినో, ఆఫ్లాక్సాసినో చేతిలో పెడతారు. ఆ జాతి యాంటీబయాటిక్స్ టెండన్లని దెబ్బతీస్తాయి, తెగిపోవచ్చు కూడా. అమెరికాలో 2008 నుంచి డబ్బా మీద నల్లగీతల పెట్టెలో ఆ హెచ్చరిక అచ్చేస్తున్నారు. స్టెరాయిడ్ తోడైతే ప్రమాదం ఎక్కువ. టెండన్ జబ్బు ఉందని యాంటీబయాటిక్ రాసే ప్రతి డాక్టరుకీ చెప్పండి, వేరే మందులున్నాయి.

ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష, సీరం క్రియాటినిన్, చేయించి ఇక్కడ రాయండి.

ఆరోగ్యమస్తు_77:

ఇంజెక్షన్లూ మాత్రలూ ఎందుకమ్మా, మా ఊళ్లో నాటు వైద్యుడు ఇచ్చే నొప్పుల పొడి మూడు పూటలు వేసుకుంటే వారంలో లేచి పరిగెడతారు. షుగరుకి కూడా మంచిది. కావాలంటే కొరియర్ చేయిస్తాను.

అనకాపల్లి_ఫార్మసిస్ట్:

వారంలో లేచి పరిగెత్తించే పొడి అంటేనే నాకు అనుమానం. అలాంటి పొడుల్లో డెక్సామెథసోన్ కలిపి పట్టుబడ్డవి ఉన్నాయి. అది కూడా స్టెరాయిడే, ఎంత మోతాదో తెలియని స్టెరాయిడ్. దాంతో షుగరుకి మంచెలా జరుగుతుంది బాబూ? నొప్పి ఉన్నచోట నూనె రాసుకుంటే నాకే అభ్యంతరం లేదు. లోపలికి మింగేదాని మీద ఏముందో రాసి ఉండాలి.

సింగరేణి_శీను:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాక్కూడా తుంటి నొప్పే, వయసు 38. గజ్జల్లో ఉంటది, కింద కూర్చోలేకపోతున్న. కోవిడ్ అప్పుడు హాస్పిటల్ల స్టెరాయిడ్లు ఎక్కించిన్రు. ఈ ఇంజెక్షన్ నాకు పనిచేస్తదా?

కదలిక_ఫిజియో:

మీది వేరే కథ అన్నా, ఇక్కడ చదివి ఏదీ వాడొద్దు. గజ్జల్లో నొప్పి అంటే కీలు లోపలి నొప్పి అనుకోవాలి. స్టెరాయిడ్లు వాడిన చరిత్ర ఉంటే తొడ ఎముక తలకి రక్తం అందక దెబ్బతినే జబ్బు, ఏవీఎన్ అంటారు, ఉందేమో చూడాలి. మొదట్లో ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారైలో తెలుస్తుంది. ఈ వారంలోనే ఎముకల డాక్టర్ని కలవండి.

పనిలో పని, మిగతావాళ్లకి కూడా: తుంటి నొప్పితో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఆ ఎముక మీద మెత్తటి వాపు ఉంటే స్టెరాయిడ్ పొడిపించుకునే ముందు టీబీ పరీక్ష జరగాలి. అరుదే, కానీ మన దేశంలో ట్రోకాంటర్ దగ్గర టీబీ లేకపోలేదు.

ఓరుగల్లు_టు_మెల్బోర్న్:

అక్కా, నాది వరంగల్, ఇప్పుడు మెల్బోర్న్‌ల ఉంటున్న. నాక్కూడ గిదే నొప్పి, కుడి పక్క. ఇక్కడ మా డాక్టరమ్మ ఇంజెక్షన్ మాటెత్తితే, ఫిజియో దగ్గరికి పోయినంక అవసరమనిపిస్తే చూద్దామన్నది. మొదట నాకు మస్తు కోపమొచ్చింది, నొప్పితోని పోతే మందియ్యకుండ పంపిస్తరా అని.

తర్వాత తెలిసింది, దీని మీద పెద్ద పరిశోధన ఇక్కడే, బ్రిస్బేన్‌ల మెల్బోర్న్‌ల చేసిండ్రట. 204 మంది, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల 2018ల అచ్చయింది. ఒక గుంపుకి ఎనిమిది వారాల్ల 14 సార్లు ఫిజియో, ఎట్ల నిలబడాలె ఎట్ల పండాలె అన్నది నేర్పుడు. ఇంకో గుంపుకి ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్. మూడో గుంపుకి ఏం లేదు, చూస్తుండుడే. ఎనిమిది వారాలకి ఫిజియో గుంపుల 77 శాతం మంది బాగయిందన్నరు, ఇంజెక్షన్ గుంపుల 58, ఊకె ఉన్నోళ్లల్ల 29. ఏడాదికి చూస్తే 79, 58, 52. నాకు నచ్చిన లెక్క ఆఖరిది. ఏడాది ఆగితే ఇంజెక్షన్ వేసుకున్నోళ్లు, ఏం చెయ్యనోళ్లు ఇంచుమించు ఒక్కతీరుగ ఉన్నరు.

నేనేం చేసిన్నంటే, మొదటి వారాలు ఒట్టిగ పండుకొని మోకాళ్ల చుట్టూ బెల్టు కట్టుకొని, కాళ్లు బయటికి నెట్టినట్టు చేసుడు, కదలకుండ. తర్వాత నడుము లేపుడు, ఆ తర్వాత మెట్టు మీద ఒంటికాలు. చేసేటప్పుడు కొద్దిగ నొప్పి ఉంటే ఫర్వాలేదు, రాత్రి నిద్ర చెడగొట్టేంత అయితే మరుసటిరోజు తగ్గించాలె. మందేమో పారాసెటమాల్, అదీ చుట్టాలొచ్చినప్పుడో, విమానం ఎక్కేటప్పుడో. పండుగకి కింద సక్లముక్లం కూసునుడు బంద్ చేసిన, కుర్చీ వేసుకుంట. మా అత్తమ్మ మొదట మొహం అదోలా పెట్టింది, ఇప్పుడు ఆమెకి కూడ కుర్చీ కావాలె.

నెలసరి ఆగిపోయినోళ్లకి ఈస్ట్రోజెన్ క్రీమ్ తోని లాభముంటదా అని కూడ ఇక్కడ ట్రయల్ చేసిండ్రు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువెంతున్నదో చెప్పే లెక్క, 25 లోపు ఉన్నోళ్లకి కొంత పనిచేసింది, మిగతావాళ్లకి తేడా కనపడలే. మనలాంటి ఒళ్లున్నోళ్లకి ఆశ పెట్టుకునేటిది కాదు, డాక్టరు చెప్పకుండ వాడేటిది అసలే కాదు.

పీఆర్పీ ఇక్కడ కూడ అమ్ముతరు. 80 మంది మీద చేసిన ఒక ట్రయల్‌ల స్టెరాయిడ్ కన్న మేలనే వచ్చింది, 12 వారాలకి. మరి వ్యాయామం కన్న మేలా అని చూసింది కాదది. ఎవరు ఎట్ల తయారుచేస్తరో, ఒక్కో చోట ఒక్కో తీరు. 12 వేలు పెట్టేముందు ఫిజియో దగ్గర మూడు నెలలు చూడు అక్కా, అప్పటికీ తగ్గకపోతే అప్పుడాలోచించు.

గోదారి_కర్రీస్:

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. ఫిజియో గారూ, మీరు మా కొట్టుకొచ్చి చూసినట్టే రాశారు. అవునండి, ఎడమ కాలి మీదే నిలబడతాను. గిన్నెలన్నీ నాకు ఎడమ పక్కనే ఉంటాయి, అటు వాలి వడ్డిస్తాను. మా అబ్బాయి నిన్న రాత్రి బల్ల తిప్పేసి పప్పుచారూ వేపుళ్లూ మధ్యలోకి తెచ్చాడు. ఒక ఎత్తు స్టూలు కూడా తెచ్చాడు గానీ, దాని మీద కూర్చుంటే కస్టమర్లు "ఏవమ్మా, ఒంట్లో బాలేదా" అని అడుగుతున్నారు, ప్రతివాడికీ చెప్పుకోవాల్సొస్తోంది.

బాబాయి గారూ, క్రియాటినిన్ చేయించాను. 1.1 వచ్చింది. రిపోర్టులో 1.2 దాకా నార్మల్ అని ఉంది, మా అబ్బాయి కూడా బావుంది అన్నాడు. అయితే ఆ మాత్ర కొనసాగించొచ్చు కదా? కనీసం శనాదివారాలు, ఆ రెండు రోజులే గిరాకీ.

అనకాపల్లి_ఫార్మసిస్ట్:

అమ్మా, 1.1 అంటే మగవాడికి ఒక లెక్క, 51 ఏళ్ల ఆడమనిషికి ఇంకో లెక్క. వయసూ ఆడా మగా చూసి కిడ్నీ వడపోత ఎంతో కట్టే సూత్రం ఉంది, ఈజీఎఫ్ఆర్ అంటారు. మీ అంకెలు వేస్తే 61 దగ్గర వస్తోంది. 90 పైన ఉంటే నిక్షేపం, 60 కిందికి దిగి మూడు నెలలు అలాగే ఉంటే కిడ్నీ జబ్బు అని పేరు పెడతారు. మీరు గడప మీద ఉన్నారు. నార్మల్ అని రాసిన కాగితం చూసి ఆ మాత్ర మింగడానికి నేను ఒప్పుకోను, శనాదివారాలు కూడా. ఇది ఆ మాత్రవల్లే వచ్చిందని చెప్పలేం, షుగరూ బీపీ కూడా చేస్తాయి. ఆపి, నీళ్లు బాగా తాగి, కొన్ని వారాల తర్వాత మళ్లీ చేయిస్తే తెలుస్తుంది. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఒకటి కలపమనండి. షుగరున్నవాళ్లకి అది ఏడాదికోసారి ఎటూ చేయాల్సిందే. మెట్‌ఫార్మిన్ ఈ అంకె దగ్గర మార్చనక్కర్లేదు, ఇంకా బాగా పడితే అప్పుడు డాక్టరు గారే డోసు తగ్గిస్తారు.

ఈ రిపోర్టు ఎముకల డాక్టరు గారికి చూపించకుండా ఇంజెక్షన్ గదిలోకి వెళ్లకండి. ఆయనకి ఈ అంకె తెలిస్తే మాత్రలు ఎలాగూ వద్దంటారు, అప్పుడు ఒక ఇంజెక్షనే మేలనొచ్చు కూడా. ఆ మాటకొస్తే మీ విషయంలో అది మరీ కాదనలేని మాట. నెలల తరబడి మాత్రలకన్నా, షుగరు కాచుకుంటూ ఒక్క ఇంజెక్షనూ దాని వెంట వ్యాయామమూ కిడ్నీకి తేలిక.

కదలిక_ఫిజియో:

బాబాయి గారి మాటే నాదీ. ఇంజెక్షన్ వేయించుకుంటే మొదటి వారం పది రోజులు బరువు వ్యాయామాలు వద్దు, నడక చాలు. తర్వాత మెల్బోర్న్ అక్క చెప్పిన బెల్టు వ్యాయామంతో మొదలుపెట్టండి. నొప్పి లేదని మెట్లు గబగబా ఎక్కొద్దు. స్టూలు ఎత్తుగా ఉండాలి మేడమ్, మోకాళ్లు తుంటి కన్నా కిందికుండాలి. కస్టమర్లు వారం అడుగుతారు, తర్వాత అలవాటు పడతారు.

గోదారి_కర్రీస్:

సరేనండి. మాత్రల అట్ట అబ్బాయి చేతికిచ్చేశాను, షాపులో మళ్లీ తేవద్దని చెప్పాను. బుధవారం డాక్టరు గారి అపాయింట్‌మెంట్ ఉంది. రిపోర్టూ, షుగరు చీటీలూ తీసుకెళ్తున్నాను. ఫిజియో గారూ, రాజమండ్రిలో ఇది నేర్పే వాళ్లెవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి, మధ్యాహ్నం మూడు తర్వాతైతే నాకు వీలు.